విరిగిన ఎముక - కట్టు

ఎముక విరిగిందనగానే మన పెద్దలకు తొలుత గుర్తుకు వచ్చేది చిత్తూరు సీమలోని పుత్తూరు. ఆకుపసరు పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టే నాటువైద్యానికి అది పేరుపొందింది. ఆసుపత్రులలో వేసే పిండికట్టు విధానాన్ని హాలెండు సైనిక వైద్యుడు మాథైసెన్ 1852లో ప్రకటించాడు. ఏది మేలన్న వాదం మనకు పరిపాటి. నిజానికి ఎముకను అతికించేది ఈ రెండూ కావు, ఎముకయే. విరిగినచోట నెత్తురు గడ్డకట్టి, దానిలో మృదులాస్థి ఏర్పడి, కొన్ని వారాలలో అది గట్టి ఎముకగా మారుతుంది. సరిచేసిన కొనలను కదలనీయకుండుటయే కట్టు పని.

అయితే కట్టు చేటు కూడా చేయగలదు. దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు దినాలు వాపు పెరుగుతుంది. బిగించిన కట్టు సాగదు. లోపల ఒత్తిడి హెచ్చి సన్నని నాళాలలో రక్తప్రసారం నిలిచిపోతే, కొన్ని గంటలలోనే కండరాలు చచ్చిపోతాయి. పిదప వ్రేళ్లు కొంకర్లు పోయి ముడుచుకొంటాయి. జర్మన్ శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ 1881లో వర్ణించిన వైకల్యమిదే. మోచేతికి పైన ఎముక విరిగిన పిల్లలలో ఈ భయం హెచ్చు.

కట్టు వేసిన పిమ్మట నొప్పి తగ్గుముఖం పట్టవలె. మందుకు లొంగక పెరుగుతున్నా, వ్రేళ్లు చాపితే భరింపరాకున్నా, తిమ్మిరెక్కినా ఓర్చుకొమ్మనరాదు. నాడి ఆడుతున్నదని ధైర్యపడరాదు; అది ఆగేసరికి సమయం మించిపోతుంది. వెంటనే కట్టు విప్పించి, అవసరమైతే కండరాల పైపొర కోసి ఒత్తిడి తగ్గించగల శస్త్రవైద్యుని వద్దకు చేర్చవలె.

నేనెరిగిన విద్యార్థి ఒకడు అర్ధరాత్రి ఎవరినీ లేపడమెందుకని తెల్లవారేవరకు పంటిబిగువున ఓర్చుకొన్నాడు. ఇప్పుడు ఎడమచేతితో వ్రాస్తున్నాడు.