వ్యర్థమును పట్టుకొనువాని ఉద్యోగము

నంద్యాలలో ఏటేట ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పరీక్షలు ముగించి పట్టాలు చేతబట్టుకొని వెలువడు యువతీయువకులలో అధికసంఖ్యాకులు హైదరాబాదు బస్సో బెంగుళూరు బస్సో ఎక్కుటకే సన్నద్ధులగుచుందురు. ఆ ప్రయాణమును తప్పుపట్టుట నా అభిమతము కాదు, గాని కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు మీద బ్రతుకు బియ్యపు మిల్లులును, బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె ప్రాంతముల నాపరాతి పాలిషింగు యూనిట్లును, నంద్యాల గొట్టముల కర్మాగారములును, ఆళ్లగడ్డ శిల్పుల పనిశాలలును, ఒక్కొక్కటి తన రాబడిలో కొంత భాగమును తనకే తెలియకుండ ప్రతిదినము నేలపాలు చేసికొనుచున్నవనియు, ఆ నష్టమును కనిపెట్టి అరికట్టు నేర్పు ఒక వృత్తిగా పరిణమించినదనియు, దానిని చిన్న పరిశ్రమలలో నెలకొల్పుటకు సలహాదారునకు చెల్లింపవలసిన రుసుములో 90 శాతమును కేంద్ర ప్రభుత్వమే భరించుచున్నదనియు, బస్సెక్కుటకు ముందు వారికి తెలిసియుండుట మేలు.

ఆ నేర్పునకు లీన్ మాన్యుఫాక్చరింగ్ అని పేరు. రెండవ ప్రపంచయుద్ధానంతరము పెట్టుబడి కొఱవడి, అమెరికా కర్మాగారముల వలె గుట్టలుగా సరకు చేసి నిలువయుంచుకొను స్తోమతు లేని జపాను దేశమున, టొయోటా కంపెనీ ఇంజనీరు తైచి ఓనో తన కర్మాగారములో పని ఎచ్చట వృథా యగుచున్నదో గమనించి ఏడు విధముల వ్యర్థములను లెక్కించెను: అవసరమునకు మించి చేయుట, ఎదురుచూచుట, సరకును అనవసరముగా మోయుట, అక్కఱలేని పని చేయుట, నిలువలు పేర్చుకొనుట, మనిషి వృథాగా కదలుట, లోపముగల వస్తువును చేయుట. యంత్రము కొనక, మనిషిని తొలగింపక, ఈ ఏడింటిని తగ్గించుకొనుచు పోవుటయే ఈ విద్య. ఇంతకు మించి ఇందులో మంత్రము లేదు. మనకు దూరముగాని తమిళదేశమున సుందరం క్లేటన్ సంస్థ ఇట్టి జపాను పద్ధతులను శ్రద్ధతో అభ్యసించి 1998లోనే నాణ్యతకు జపాను ఇచ్చు డెమింగ్ బహుమానమును గెలుచుకొన్నది గనుక, మన దేశపు కార్మికునకు ఇవి అలవడవను మాటకు తావు లేదు.

పుస్తకము మాట అటుంచి ఒక నాపరాతి పాలిషింగు యూనిట్టులోనికి అడుగిడుదము. గని నుండి లారీలో వచ్చిన బండలు ముందు గేటు ప్రక్కన దింపబడును. అచ్చటి నుండి కటింగు మిషను వద్దకు మోయబడును. కోసిన పిమ్మట స్థలము లేక గోడకు ఆనించబడును. పాలిషు మిషను ఖాళీయైనప్పుడు మరల మోయబడును. నునుపెక్కిన తరువాత ఎండలో నిలువబెట్టి, సాయంకాలము లారీ వచ్చినప్పుడు కడపటిసారి ఎత్తబడును. ఎత్తిన ప్రతిసారియు ఏదో ఒక బండకు మూల విఱుగును, మూల విఱిగిన బండ ధర పడిపోవును. అయినను యజమాని చిట్టాలో విద్యుత్తు ఖర్చునకును కూలి ఖర్చునకును పద్దులున్నవి గాని, మూల విఱిగిన బండకు పద్దు లేదు. ఇక కాలము సంగతి: ఎనిమిది గంటల షిఫ్టులో భోజనమునకు, టీకి అరగంట పోగా మిగులునవి 450 నిమిషములు, దినమునకు 150 బండలు కావలెనని గిరాకీ యున్నచో ఒక్కొక్క బండ 3 నిమిషముల కొకటి చొప్పున బయటికి రావలెను. కోత 2 నిమిషములలో ముగియుచు, పాలిషు 4 నిమిషములు పట్టుచున్నదనుకొందము. అప్పుడు సాయంకాలమునకు వెలువడునవి 112 బండలు మాత్రమే, మిగిలినవి మధ్యలో గుట్టపడును. గిరాకీ తీరలేదని కోపించిన యజమాని కోతవానిని ఇంకను తొందరపెట్టును. దానివలన గుట్ట పెరుగును, విఱుగుడు పెరుగును, లారీ కెక్కు బండలు మాత్రము ఒక్కటియు పెరుగవు. ఈ గుట్టను చూచి, దోషము కోతలో లేదు, పాలిషులో నున్నదని గడియారము చూపి చెప్పగలిగిన పిల్లవానికి ఆ యూనిట్టులో జీతమిచ్చుకొన్నను యజమానికి నష్టము లేదు.

బియ్యపు మిల్లులోను కథ యిట్టిదే. వడ్లలో తేమ చూడకుండ ఆడించుట వలన నూక పెరుగుటయు, రబ్బరు రోలు మార్చుటకు కావలసిన పానాలు ఎచ్చటనున్నవో వెదకుకొనుచుండగా మిల్లు నిలిచిపోవుటయు ఎఱుగనివారుండరు.

ప్రభుత్వమునకు ఈ ఆలోచన నిన్న మొన్న కలిగినది కాదు. 2009లోనే చిన్న యూనిట్లు పదేసి చొప్పున జట్టు కట్టినచో వానికి ఒక సలహాదారుని కుదిర్చి పెట్టు పథకమును ప్రయోగాత్మకముగా నడపిరి. దానిని సంస్కరించి 2023 మార్చి 10వ తేదీన ఎం.ఎస్.ఎం.ఇ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) కాంపిటిటివ్ లీన్ పథకమను పేర మరల ప్రారంభించిరి. ఇందులో బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. మొదటి మెట్టు ఉచితము. పై రెండు మెట్లలో సలహాదారుడు యూనిట్టునకు వచ్చి ఫైవ్ ఎస్ (పనిచోటును క్రమపఱచుట), కైజెన్ (నిరంతరము చిన్న చిన్న మెఱుగులు), కాన్‌బాన్ (కావలసినంతే తెప్పించు సంకేతపు చీటి), పోకయోకె (పొరపాటును ముందే అడ్డు ఏర్పాటు) మున్నగు పద్ధతులను దగ్గఱనుండి నేర్పును. మునుపు 80 శాతముగా నున్న ప్రభుత్వపు వాటా ఇప్పుడు 90 శాతమైనది. స్త్రీలు గాని, షెడ్యూల్డు కులములు, తెగల వారు గాని యజమానులైన యూనిట్లకు మరి 5 శాతము కలియును. పథకమును నడపు బాధ్యత 1958లో ఏర్పడిన జాతీయ ఉత్పాదకతా మండలికిని, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకును అప్పగింపబడినది. ఉద్యమ్ రిజిస్ట్రేషను (ఎం.ఎస్.ఎం.ఇ.గా ప్రభుత్వము వద్ద నమోదు) లేని యూనిట్టునకు ఇందులో ప్రవేశము లేదు. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నిర్వచనము ప్రకారము 125 కోట్ల పెట్టుబడి, 500 కోట్ల టర్నోవరు వరకు గలవి మధ్యతరహా పరిశ్రమలే కావున, మన జిల్లాలో ఈ గీత దాటిన పరిశ్రమలు బహుస్వల్పము. దీనికి తోబుట్టువు వంటిది జెడ్ (లోపము లేక, పర్యావరణమునకు హాని లేక ఉత్పత్తి చేయుట) ధ్రువీకరణ పథకము. దానియందు కంచు, వెండి, బంగారు ధ్రువపత్రముల రుసుములో సూక్ష్మ పరిశ్రమకు 80, చిన్నదానికి 60, మధ్యతరహాకు 50 శాతము రాయితీ కలదు.

ఇంత ఔదార్యమున్నను పని యెందులకు సాగదను ప్రశ్నకు నాకు తోచిన సమాధానమొకటి కలదు. సలహాదారుడు కొన్ని మాసములు వచ్చును, గోడలకు బొమ్మలు అంటించును, నేలపై పసుపుపచ్చ గీతలు గీయించును, ముందు వెనుకల ఛాయాచిత్రములు తీసి నివేదిక సమర్పించి వెడలిపోవును. అటుపిమ్మట ఆరు నెలలకు ఆ గీతలపైననే గోనెసంచులు పేర్చబడును. లోపము పథకములో కొంతయున్నదేమో గాని, అంతకంటె పెద్ద కొఱత, సలహాదారుడు వెడలిన మఱునాటి నుండి ఆ క్రమమును నిలుపు మనిషి యూనిట్టులో లేకపోవుట. యజమానికి బ్యాంకు, మార్కెట్టు, విద్యుత్తు ఆఫీసు చుట్టు తిరుగుటతోనే ప్రొద్దు గడచును. మేస్త్రీకి ఈనాటి లారీ నింపుటయే పరమార్థము. ఆ ఖాళీ కుర్చీయే ఈ వ్యాసమునకు విషయమైన ఉద్యోగము. దానికి ప్రొడక్షన్ సూపర్‌వైజరనియు, క్వాలిటీ ఇన్‌స్పెక్టరనియు, ప్రాసెస్ ఇంజనీరనియు సంస్థను బట్టి పేరు మారును. పెనుకొండ సమీపమున 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారమును, దానికి విడిభాగము లందించు పరిశ్రమలును ఈ పద్ధతులతో నడచునవే యగుటచే, మిల్లులోనో పాలిషింగు యూనిట్టులోనో రెండేండ్లు గడించిన అనుభవము అచ్చట వ్యర్థము కాదు.

అర్హత మాట యేమనగా, గొప్ప డిగ్రీ కంటె మూడు అలవాట్లు ముఖ్యము. చూచినది లెక్కించుట, లెక్కించినది దినదినము వ్రాసియుంచుట, వ్రాసినదానిని కార్మికుని ముందు పెట్టి అతని మాట వినుట. ఈ మూడవదానిలోనే పట్టభద్రులు తప్పిపోవుచుందురు. పాతికేండ్లు మిషను త్రిప్పిన పెద్దాయనను “అన్నా, నీకు యాడ కష్టమైతాండాది?” అని అడిగిన పిల్లవానికి, “బండలు మోకాలెత్తున పెట్టించు నాయనా, ఊరికే వంగి లేసే పని తప్పుతాది” అను జవాబు వచ్చినచో, ఆ ఒక్క మాటలో కదలిక వ్యర్థమును గూర్చిన పాఠమంతయు ఇమిడియున్నది. ఈ సంభాషణము మన యాసలో సహజముగా చేయగలుగుట నంద్యాల పిల్లలకు పుట్టుకతో వచ్చిన అర్హత. ఢిల్లీ నుండి వచ్చిన సలహాదారునకు అది లేదు.

అభ్యాసమునకు ద్వారము అప్రెంటిస్‌షిప్. 1961 నాటి చట్టము క్రింద 30 మంది, అంతకు మించిన సిబ్బంది గల సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుండి 15 శాతము వరకు అప్రెంటిసులను తీసికొని తీరవలెను. 4 నుండి 29 మంది వరకు గలవారికి అది ఐచ్ఛికము. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకము క్రింద స్టైపెండులో నాలుగవ వంతు, నెలకు 1500 రూపాయలకు మించకుండ, కేంద్రము భరించును. ఈ సంగతి తెలియని చిన్న యజమానికి దానిని వివరించి చెప్పుటయే మీ మొదటి సేవ కావచ్చును. పదవ తరగతితోనే పనిముట్ల విద్య నభ్యసింపదలచినవారికి హైదరాబాదు బాలానగరులో 1968లో స్థాపితమైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కలదు.  

ఆళ్లగడ్డ సంగతి వేఱు. అచ్చటి శిల్పశాలలో గంటకెన్ని విగ్రహములని లెక్కించుట మూర్ఖత్వము; నవతాళ ప్రమాణమున ముఖము నొక తాళముగా, తాళమును 12 అంగుళములుగా, విగ్రహమును 108 అంగుళములుగా విభజించుకొని చెక్కు శిల్పికి ప్రమాణబద్ధమైన పని యనగా నేమో జపాను చెప్పనక్కఱలేదు. అయినను మొద్దురాయిని కోతకు, కోత నుండి చెక్కుటకు జరుపుటలో పోవు శ్రమయు, పదును తగ్గిన ఉలితో పని సాగించుటయు, రాతిధూళి ఊపిరితిత్తులలో చేరుటయు కళలో భాగములు కావు. ధూళిని పీల్చివేయు యంత్రము, రాయి నెత్తు గొలుసు కప్పీ, ఉలులకు పరిమాణక్రమమున ఒక అర, ఈ పాటి మార్పులు కళ జోలికి పోక శిల్పి ఆయుష్షును పెంచును. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో శిల్పి వృత్తియు ఉన్నది. శిక్షణాకాలమున దినమునకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల ప్రోత్సాహకము, 5 శాతము వడ్డీకి తొలివిడత లక్ష, మలివిడత రెండు లక్షల అప్పు లభించును. శిల్పుల ఇండ్లలో పుట్టి డిప్లొమా చదివిన పిల్లలు ఈ పనికి తగినవారు. తండ్రి ఉలి, కొడుకు లెక్క ఒకేచోట కూడుట అరుదుగా దొరకు అవకాశము.

కొన్నాళ్లు ఇతరుల యూనిట్టులో వ్యర్థమును పట్టుకొన్నవానికి సొంత యూనిట్టు పెట్టవలెనను కోరిక కలుగుట సహజము. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, భాభా అణుపరిశోధన కేంద్రములో ఉద్యోగము చేసి, 1977లో దానిని వదలి ప్లాస్టిక్ పరిశ్రమలో ప్రవేశించిన ఎస్.పి.వై. రెడ్డి నంది పైపుల ద్వారా నంద్యాల పేరును పొలముపొలమునకు చేర్చిన సంగతి ఈ ఊరివారికి క్రొత్త కాదు. నేడు ఉత్పత్తి యూనిట్టునకు పి.ఎం.ఇ.జి.పి. (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము) క్రింద 50 లక్షల వరకు ప్రాజెక్టునకు, అభ్యర్థి వర్గమును, స్థలమును బట్టి 15 నుండి 35 శాతము సబ్సిడీ కలదు. 10 లక్షలు దాటిన ప్రాజెక్టునకు ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణత చాలును. రాష్ట్ర ప్రభుత్వము 175 నియోజకవర్గములలోను ఎం.ఎస్.ఎం.ఇ. పార్కులు నెలకొల్ప సంకల్పించినది గనుక, స్థలము మాట జిల్లా పరిశ్రమల కేంద్రములో విచారింపవచ్చును. అయితే పరుల సొమ్ముతో నేర్చుకొనకముందే సొంత సొమ్ముతో నేర్చుకొనబోవుట ఖరీదైన చదువు.

ఇంటర్వ్యూకు పోయినప్పుడు యజమానిని మీరును ఒక ప్రశ్న అడుగుడు: నిరుడు గిరాకీదారుల వద్దనుండి ఎంత సరకు తిరిగివచ్చినది? లెక్క చెప్పినవాడు మిమ్ములను పనిలో పెట్టుకొనును. “మా సరకు తిరిగి రాదు” అన్నవానితో వాదింపక, ఒక పూట షెడ్డులో నిలిచి చూచుటకు అనుమతి కోరుడు. మూల విఱిగిన బండలు ఎచ్చట పేర్చియున్నవో కనిపెట్టి, వానిని లెక్కించి, ఆ అంకెతో మఱునాడు మరల వెళ్లుడు.