నాట్యము – కీళ్ళ రక్షణ

నాట్యమునకు శరీరమే వాద్యము. వీణ శ్రుతి తప్పినచో వెంటనే సవరించుకొందుము. మోకాలు నొచ్చినపుడు మాత్రము ఓర్చుకొనుటయే సాధన యని భావింతుము. ఇది సరికాదు.

కూచిపూడి, భరతనాట్యములకు అరమండి ప్రధానము. అందు తొడలను తుంటికీలు వద్దనే వెలుపలికి త్రిప్పవలెను. పాదములను మాత్రమే త్రిప్పినచో ఆ మెలి భారము మోకాలిపై పడును. గట్టి బండలపై నిత్యము అడుగులు వేసినచో కాలి ఎముకకు సన్నని పగులు కలుగవచ్చును.

1874లో అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ ప్రతిపాదించిన ఆస్టియోపతి, కీళ్ళను, కండరములను చేతితో పరీక్షించి, నొక్కి, కదిలించి బిగువు సడలించు పద్ధతి. మన సీమలో పుత్తూరు కట్టు నెరుగనివా రరుదు. అది విరిగిన ఎముకను కదలనీయక నిలుపు కట్టు; ఇది బిగిసిన కీలును కదిలించు విద్య. కనుక ఏ గాయమునకు ఏది తగునో ముందు తెలియవలెను. ఒకేచోట నొప్పి నిలిచినచో మర్దన చేయింపక ఎముకల వైద్యుని చూడవలెను. సన్నని పగులు తొలిదినములలో ఎక్స్‌రేకు సైతము అందకపోవచ్చును. కావున నొప్పి తీరువరకు అడుగు వేయరాదు.

ఆస్టియోపతి నడుము నొప్పికి కొంత ఉపశమన మిచ్చునని పరిశోధనలు తెలుపుచున్నవి. నాట్యగాయములను అది ముందే నివారించునని మాత్రము రుజువు కాలేదు. నివారణ మన చేతిలోనే యున్నది. వార్షికోత్సవమునకు వారము ముందు హఠాత్తుగా సాధన పెంచరాదు. నెలల ముందు నుండి కొద్దికొద్దిగా పెంచవలెను. కళాశాల యందు బండలకు బదులు చెక్కనేల సమకూర్చిన మరింత మేలు. నొప్పిని దాచు విద్యార్థిని కంటె, చెప్పుకొను విద్యార్థినియే చిరకాలము నర్తింపగలదని మా విశ్వాసము.