కుండీలలో కేప్ ప్రిమ్‌రోజ్ పెంపకము

కేప్ ప్రిమ్‌రోజ్ ఇంటిలోపల కుండీలో పూచే మొక్క. శాస్త్రనామము స్ట్రెప్టోకార్పస్. కాయ త్రాడువలె మెలితిరిగి యుండుటచే ఆ పేరు వచ్చినది. తోటలలో పెంచు రకములకు మూలము దక్షిణాఫ్రికా. అక్కడ అడవి నీడలో, తేమగల రాతిగట్లపై పెరుగును.

స్థలము: తూర్పు కిటికీ మేలు. మధ్యాహ్నపు ఎండకు ఆకులు మాడును. 15 నుండి 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడి అనుకూలము. 30 డిగ్రీలు మించిన మొక్క క్రుంగును. కావున మన మైదానములలో వేసవి గడచుట కష్టము. చల్లని కొండప్రాంతములే తగినవి.

కుండీ: వేళ్లు లోతుకు దిగవు. అడుగున రంధ్రముగల, లోతు తక్కువ కుండీలో ఆకుమట్టి, కొంత ఇసుక కలిపి నింపవలెను.

నీరు: ఈ మొక్కకు నీరు తక్కువైనదానికంటె ఎక్కువైనచో ముప్పు. వేరు కుళ్లినను ఆకులు వాడును. అది దాహమనుకొని మరల నీరు పోసినచో మొక్క చచ్చును. ముందు మట్టిని వ్రేలితో తాకి చూడుడు. పైమట్టి ఆరిననే నీరు పోయవలెను.

ప్రవర్ధనము: సంకర రకములు విత్తనముతో తల్లివలె రావు. ఆకుతోనే పెంచవలెను. ముదరని మంచి ఆకును నిలువుగా చీల్చి, నడియీనెను తీసివేసి, రెండు ముక్కలను కోసిన అంచు క్రిందుగా తడి ఇసుకలో నాటుడు. కొన్ని వారములకు ప్రక్క ఈనెల మొదళ్లవద్ద పిల్లమొక్కలు వరుసగా లేచును. వేసవికి ముందే ఇట్లు కొన్ని పెంచి చల్లనిచోట నుంచినచో, తల్లిమొక్క పోయినను రకము నిలుచును.