ముత్తాత పేరు పహాణీలో దొరుకుతుందా?



గత నెల ఏడో తరగతికి సోషల్‌లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్ ఇచ్చాను. చార్టులు రంగురంగుల్లో అందంగా వచ్చాయి, కానీ చాలావాటిలో పేర్లు తాతల దగ్గరే ఆగిపోయాయి. "మేడం, మా ముత్తాత పేరు నాయినకే తెల్వదట" అన్నాడు ఒక బాబు. నిజం చెప్పాలంటే నా చార్టు కూడా అక్కడే ఆగింది. అందుకే సెలవుల్లో మా ఊరు ఏర్గట్ల వెళ్లి వెతికాను. మీ పిల్లలతో మీరు కూడా ఎలా వెతకవచ్చో రాస్తున్నాను.

స్కాట్లాండ్‌లో రైతు కుటుంబం వాళ్లు పూర్వీకులను వెతకాలంటే 1855 నుంచి తప్పనిసరిగా నమోదు చేసిన పుట్టుక, పెళ్లి, మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. వందేళ్లు దాటిన జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లూ చూడవచ్చు. మన జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు బయటికి ఇవ్వరు. జనన మరణాల నమోదు చట్టం మనకు 1969లో వచ్చింది. మన పల్లెల్లో అంతకన్నా పాత పేర్లు ఎక్కువగా దొరికేది భూమి కాగితాల్లోనే.

ముందు ఇంట్లో ఉన్న పట్టాదారు పాస్‌బుక్ తీసి సర్వే నంబరు రాసుకోండి. మనుషుల పేర్లు తరం తరానికీ మారతాయి. సర్వే నంబరు మాత్రం, పంపకాల్లో బై నంబర్లు పడినా, అదే ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని ఏడాదేడాది పహాణీల్లో వెనక్కి నడవాలి. నకళ్ల కోసం తహసీల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ఏర్గట్ల 2016లోనే మండలమైంది. అంతకుముందు మాది మోర్తాడ్ మండలం, 1985లో మండలాలు రాకముందు ఆర్మూర్ తాలూకా. మీ ఊరు ఏ ఏడాది ఎక్కడ ఉందో తెలియకపోతే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరగడమే సరిపోతుంది. నాకు రెండు రోజులు అలాగే పోయాయి.

అన్నిటికన్నా విలువైనది 1954-55 ఖాస్రా పహాణీ. ఇందులో పట్టాదారు పేరు ఒక గడిలో, భూమిని నిజంగా దున్నుతున్న మనిషి పేరు వేరే గడిలో ఉంటాయి. అంతకన్నా వెనక్కి వెళ్లాలంటే నిజాం కాలపు సర్వే తర్వాత తయారైన సేత్వార్ చూడాలి.

పాత కాగితాల మీద ఏడాది ఫసలీలో ఉంటుంది. 590 కలిపితే మన లెక్క వస్తుంది. 1347 ఫసలీ అంటే 1937-38, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైన రోజులు. పిల్లలకు ఈ లెక్క చాలా నచ్చింది, పుట్టినరోజులన్నీ ఫసలీలోకి మార్చేసుకున్నారు. తరి అంటే నీటి పారకం భూమి, ఖుష్కి అంటే మెట్ట. "వల్ద" అని ఉంటే ఫలానావారి కొడుకు, "జౌజె" అంటే భార్య, "బేవా" అంటే వితంతువు. ఒకే ఊళ్లో నలుగురు గంగారాంలు ఉంటారు కాబట్టి వల్ద తర్వాతి పేరు చూడకుండా మన తాతే అనుకోవద్దు.

మా ముత్తాత ఇంట్లో అందరూ పిలిచిన పేరుతో కాకుండా వేరే పేరుతో కనిపించాడు. ఆయన తల్లి పేరు మీద కొన్నాళ్లు పట్టా నడిచింది. కానీ అక్కడ ఆమె పేరు లేదు. భర్త పేరు రాసి, పక్కన "బేవా" అని ఉంది, అంతే. ఆ ఉర్దూ అక్షరాలు నాకు రావు. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదువుకున్న మా వాడకట్టు తాత ఒకాయన చదివి చెప్పాడు. ఆయనకు తొంభై దాటాయి. ఆమె పేరు గురించి అడిగితే, "మేమంతా ఆమెను అవ్వ అనే పిలిచినం బిడ్డా" అన్నాడు.

ఇంకో మాట. వెతకడం మొదలుపెట్టే ముందే దాయాదులకు చెప్పండి, పేర్ల కోసమే అని. నేను చెప్పలేదు. పాత పహాణీ తీస్తున్నానని తెలిసి మా పెద్దనాయిన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇదంతా క్లాసులో చెప్తే ఒక అమ్మాయి లేచి, "మాకు భూమే లేదు కదా మేడం, మా తాత ఎక్కడుంటడు?" అంది. ప్రాజెక్ట్ ఇచ్చేటప్పుడు నేను ఆలోచించని సంగతి అది. భూమి కాగితం ప్రధానంగా భూమి ఉన్నవాళ్లనే గుర్తుపెట్టుకుంటుంది. అయినా కొన్ని దారులున్నాయి. ఖాస్రాలో దున్నినవాళ్ల గడి, 1950 కౌలు చట్టం కింద రాసిన రక్షిత కౌలుదారుల జాబితా, సర్కారు భూమి ఇచ్చిన లావణి పట్టా, నీరడి వంటి ఊరి పనులకు ఇచ్చిన ఇనాంల రిజిస్టరు చూడవచ్చు. ఇవేవీ లేకపోతే ఊరి ప్రభుత్వ బడి అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. ఆ అమ్మాయికి వాళ్ల తాత పేరు, ఆయన తండ్రి పేరు అందులోనే దొరికాయి.

ఏ రిజిస్టర్లోనూ లేని పేర్లు మీ ఇంట్లో నానమ్మకో అమ్మమ్మకో గుర్తుండవచ్చు, ముఖ్యంగా ఆడవాళ్లవి. ఈ ఆదివారం వాళ్ల అమ్మ పేరు, ఆమె తల్లిగారి ఊరు అడిగి ఫోన్‌లో రికార్డు చేయించండి. చార్టులు ఇవ్వడానికి గడువు నెలాఖరు వరకు పెంచాను. భూమి కాగితాల జిరాక్సులు మాత్రం పిల్లలతో బడికి పంపవద్దు, పేర్లు రాసి పంపితే చాలు.