నలభై దాటాక అధిక రక్తస్రావం: దాచుకోవద్దు, తొందరపడవద్దు



మార్కు సువార్త 5వ అధ్యాయంలో రక్తస్రావంతో పన్నెండేళ్ళు బాధపడిన స్త్రీ మనకు తెలుసు. ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, చివరికి జనంలో వెనుకగా వచ్చింది. ముదినేపల్లి చుట్టుపక్కల అక్కచెల్లెళ్ళలో కూడా చాలామంది సిగ్గుతో ఆలస్యం చేస్తున్నారు. కొందరు భయంతో వెంటనే గర్భసంచి తీసేయమంటున్నారు. రెండూ మంచివి కావు.

ఎందుకు వస్తుంది?
ముట్లుడిగే ముందు కొన్నేళ్ళు అండం ప్రతి నెలా విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టిరాన్ హార్మోను చాలక గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, ఊడినప్పుడు ఎక్కువ రక్తం పోతుంది. ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్‌లు, థైరాయిడ్ లోపం, కొందరిలో కాన్సరు కూడా కారణం కావచ్చు.

ఎప్పుడు రావాలి?
నెలసరి 8 రోజులు దాటినా, పెద్ద గడ్డలు పడినా, నెల మధ్యలో గాని కలయిక తరువాత గాని రక్తం కనబడినా చూపించుకోండి. గంటకో ప్యాడ్ తడిసి కళ్ళు తిరుగుతుంటే రాత్రయినా ఆగవద్దు. ముట్లు ఆగి 12 నెలలు దాటాక ఒక్క చుక్క కనబడినా పరీక్ష తప్పనిసరి.

ఏ పరీక్షలు?
రక్తశాతం, థైరాయిడ్, స్కానింగు, పాప్ స్మియర్ చేస్తాము. ఈ వయసులోనూ గర్భం రావచ్చు గనుక ఆ పరీక్ష కూడా ఉంటుంది. 45 దాటినవారికి, షుగరు, అధిక బరువు ఉంటే అంతకు ముందే, లోపలి పొర నుండి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతాము.

చికిత్స ఏమిటి?
రక్తం తగ్గినవారికి ఐరన్ ఇస్తాము. రక్తస్రావం ఉన్న రోజుల్లో ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలు పనిచేస్తాయి. కాళ్ళలోగాని ఊపిరితిత్తుల్లోగాని రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. ప్రొజెస్టిరాన్ మాత్రలు, హార్మోను లూప్ చాలామందికి ఆపరేషన్ అవసరం లేకుండా చేస్తాయి. పాలిప్‌ను మాత్రమే తీసివేయవచ్చు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. కాన్సరు ఉన్నా, మందులకు లొంగకపోయినా ఆపరేషన్ అవసరమే. కేవలం భయంతో మాత్రం వద్దు. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఒప్పుకునే ముందు ఇలా అడగండి: కారణం ఏమిటి? బయాప్సీ ఏం చెప్పింది? మందులతో ప్రయత్నించామా? అండాశయాలు ఉంచుతారా?

ఆ స్త్రీ భయంతో వణుకుతూనే జరిగినదంతా ప్రభువుకు చెప్పుకుంది. మీరూ డాక్టరమ్మకు దాచకుండా చెప్పండి. భర్తలారా, కుమారులారా, వారిని మీరే వెంటబెట్టుకొని రండి. ప్రభువు మీకు ఆరోగ్యమిచ్చును గాక.