క్యాంపు పనికి పోయేముందు

శక్కర్‌నగర్, బోధన్.

చిన్నోడా,

కువైట్‌లో అమెరికా సైన్యం క్యాంపులో పని దొరికిందని, నిజామాబాద్ ఏజెంటు పాస్‌పోర్టు అడుగుతున్నాడని మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు నచ్చజెప్పి ఆపమంది. ఆపడానికి నాకు నోరు రావడం లేదు బిడ్డా. 2015 డిసెంబరులో నిజాం షుగర్స్ మూతపడ్డాక ఇక్కడ నీ ఈడు పిల్లలకు చూపించడానికి నా దగ్గర పని లేదు. పోతే పో. కానీ ఇది మస్కట్‌లో తాపీ పని లాంటిది కాదు, తెలుసుకొని పో.

ఆ క్యాంపుల్లో వంట, లాండ్రీ, కరెంటు, లారీ పనులన్నీ కాంట్రాక్టు మీద నడుస్తాయి. పెద్ద కాంట్రాక్టు అమెరికా కంపెనీది, దాని కింద ఒక గల్ఫ్ కంపెనీ, ఆ కింద మనుషులను సప్లై చేసేవాడు. తుపాకీ నీ చేతిలో ఉండదు, కానీ రాకెట్ వంటవాణ్ణి, సిపాయిని వేరు చేసి పడదు. అందుకే 1941లోనే అమెరికా డిఫెన్స్ బేస్ యాక్ట్ అని ఒక చట్టం చేసింది. దాని ప్రకారం అలాంటి ప్రతి కంపెనీ తన పనివాళ్లకు బీమా కట్టాలి. పనివాడు ఏ దేశస్థుడైనా సరే. పనిలో గాయపడితే వైద్యం ఖర్చు, పని చేయలేని కాలానికి జీతంలో మూడింట రెండు వంతులు. చనిపోతే భార్యాపిల్లలకు, వాళ్లు లేకపోతే కొడుకు సంపాదన మీద బతికే తల్లిదండ్రులకు పరిహారం. యుద్ధం వల్ల జరిగింది కదా అని బీమా కంపెనీ తప్పించుకోవడానికి లేదు. అలాంటి ఖర్చును అమెరికా ప్రభుత్వం దానికి తిరిగి కట్టేలా 1942లో ఇంకో చట్టం చేశారు.

ఇది ఉత్తుత్తి మాట కాదు. 2004లో జోర్డాన్‌లో పని అని నేపాల్ నుంచి తీసుకుపోయిన పన్నెండు మందిని ఇరాక్‌లోని అమెరికా స్థావరానికి తరలిస్తుంటే, దారిలో మిలిటెంట్లు పట్టుకుని చంపేశారు. ఆ కుటుంబాలు ఈ చట్టం కిందే పోరాడి 2008లో పరిహారం తీర్పు తెచ్చుకున్నాయి.

మన దగ్గర ఆ చట్టం పేరు విన్నవాళ్లు ఎవరున్నారు? రెంజల్ వైపు నాకు తెలిసిన ఒకాయన క్యాంపు లాండ్రీ మిషన్‌లో చెయ్యి పడి రెండు వేళ్లు పోగొట్టుకుని వచ్చాడు. ఆయన కాగితాలు నేనే చూశాను. జీతం చీటీ మీద ఒక కంపెనీ పేరు, ఒప్పందం మీద ఇంకో పేరు, టికెట్ కొన్నది మూడోవాడు. దెబ్బ తగిలిన నెల రోజుల్లో కంపెనీకి రాసి ఇవ్వాలని, ఏడాదిలోగా అమెరికా కార్మిక శాఖలో క్లెయిము వేయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నా దగ్గరికి వచ్చేసరికి మూడేళ్లు దాటింది. ఆ మనిషి ఎడమ చేతిని జేబులోంచి తీయకుండానే నాతో మాట్లాడాడు.

ఇక మన ప్రభుత్వం సంగతి. పదో తరగతి తప్పినవాళ్లు గల్ఫ్‌కు పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి, దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. నువ్వు పది పాసయ్యావు, నీది అనుమతి అక్కర్లేని పాస్‌పోర్టు. అంటే నిన్ను ఆపి అడిగేవాడు లేడు. అందుకే నువ్వే అడగాలి. వేరే దేశపు సైన్యం క్యాంపులో పనిచేసే మనవాళ్ల కోసం ఢిల్లీలోగానీ హైదరాబాద్‌లోగానీ ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉండాలి. కనీసం ఆ అమెరికా చట్టాన్ని తెలుగులో అచ్చువేసి నిజామాబాద్ కలెక్టరేట్‌లో పెట్టాలి. ఇంతమందిని గల్ఫ్‌కు పంపే జిల్లాకు ఈమాత్రం చేయకపోవడం అన్యాయం.

మరొకటి. క్యాంపు అమెరికాది కాకపోతే ఆ అమెరికా చట్టం వర్తించదు. రష్యాలో హెల్పర్ పని అని నమ్మి వెళ్లిన హైదరాబాద్ కుర్రవాడొకడు 2024లో ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడు. నారాయణపేట పిల్లవాడు ఒకడు బతికి వచ్చాడు. నీకు రాని భాషలో ఉన్న ఒప్పందం మీద సంతకం పెట్టకు.

ఏజెంటు ఢిల్లీలో రిజిస్టరైనవాడా కాదా, ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూడు. మన చట్టం ప్రకారం అతను ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. అమెరికా కాంట్రాక్టు నియమాల ప్రకారమైతే పనివాడి దగ్గర పైసా కూడా వసూలు చేయకూడదు, పాస్‌పోర్టు గుంజుకోకూడదు. లక్షల్లో లాగోడి అడిగాడంటే వాడు రెండు దేశాల నియమాలూ తప్పినట్టే. విజిట్ వీసా మీద ఎక్కమంటే ఎక్కకు. పెద్ద కంపెనీ పేరు, కాంట్రాక్టు నంబరు, బీమా కంపెనీ పేరు ఒక పుస్తకంలో రాసి మీ అమ్మకు ఇచ్చిపో. ఇంటికి డబ్బు బ్యాంకులోనే వెయ్యి, హుండీ వద్దు. నీ సంపాదన మీద ఆమె బతుకుతున్నదనడానికి రేపు అదే సాక్ష్యం.

ఒప్పందం కాగితం తీసుకుని ఆదివారం మా ఇంటికి రా, కూర్చుని చదువుదాం. అప్పటిదాకా ఏజెంటు చేతిలో రూపాయి పెట్టకు.

నీ పెద్దబాపు