కంపను చూసి మిషన్ కొను

చిరంజీవి బుజ్జికి,



సత్తుపల్లి వైపు జామాయిల్ తోటలో పిలకలు తీసే పని, ఆ పక్కనే టేకు ప్లాంటేషన్‌లో పులికంప కొట్టే పని రెండూ ఒప్పుకున్నావని అక్క చెప్పింది. ఖమ్మం షాపులో నువ్వు చూసొచ్చిన మిషన్ ఫొటో కూడా పంపింది. అది చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. కాగితం మీదుంటే షాపులో కూర్చుని తీసి చూసుకుంటావు.

ఆ ఫొటోలో ఉన్నది గట్ల మీద గడ్డి కోసే మిషన్, అల్లుడూ. భుజానికి ఒకే బెల్టు, రాడ్డు మీద చిన్న రింగు హ్యాండిలు, నైలాన్ తాడుకు సరిపోయే ప్లాస్టిక్ గార్డు. వరి గట్టుకీ కొబ్బరితోటకీ అది చాలు. దానికే రంపం బ్లేడు బిగించి జామాయిల్ పిలకల్లోకి దిగుదామనుకుంటే మాత్రం వద్దు. డబ్బు సంగతి తర్వాత, ముందు కాళ్లు మిగలాలి.

షాపువాడు 52 సీసీ అని గట్టిగా చెప్పి ఉంటాడు. సీసీ చూసి మురిసిపోకు. డబ్బా మీద కిలోవాట్లు ఎంత రాశారో చూడు. 52 సీసీ అని అమ్మే చౌక మిషన్లలో చాలావాటికి రెండు కిలోవాట్లు కూడా ఉండవు. హస్క్‌వర్నా 545, స్టిల్ ఎఫ్ఎస్ 460 లాంటివి 45 సీసీ చిల్లరే, కానీ రెండు కిలోవాట్లు దాటతాయి. 555, ఎఫ్ఎస్ 560 అయితే 2.8 దాకా వెళ్తాయి. బరువు మాత్రం 9, 10 కిలోలు. ఆ బరువుని పొద్దుటి నుంచి మోసేది నీ కుర్రాళ్లే. సన్నగా ఉన్నవాడి మీద 555 వేలాడదీస్తే మధ్యాహ్నానికి చెయ్యి వణుకుతుంది. వణికే చేతిలో తిరిగే రంపం ఉంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నీ పనికి 45 సీసీ రకం చాలు.

అయితే కంపెనీ, మోడలు తేల్చుకునే ముందు ఒక పని చెయ్యి. తోటలోకి వెళ్లి నాలుగు చోట్ల పిలకలు నరికించు, మొదలు దగ్గర టేపు పెట్టి లావు కొలువు. బ్లేడు దాన్ని బట్టే ఉంటుంది. రెండు సెంటీమీటర్ల లోపు పొదలకీ, ముదురు గడ్డికీ మూడు రెక్కల బ్లేడు. నాలుగు దాకా ఉన్న మొక్కలకి మొనదేరిన సన్న పళ్ల రంపం. ఏడు దాకా ఉలి పళ్ల రంపం, 200 లేదా 225 మిల్లీమీటర్లది. ఏడు దాటితే ఈ మిషన్ పక్కన పెట్టి చైన్‌సా తీసుకో. కోత కొట్టి రెండేళ్లు దాటిన మొద్దుల మీద పిలకలు చాలా చోట్ల చేతి మణికట్టు కంటే లావవుతాయి. ఏడాది తిరక్కముందే దిగితే పని సగం.

మొద్దుకి ఆనుకుని ఉన్న పిలకల దగ్గర మాత్రం మిషన్ పెట్టనివ్వకు. ఉంచాల్సిన రెండు పిలకలకి రంపం తగిలి బెరడు లేచిందంటే, గాలివానకి అవి అక్కడే విరుగుతాయి. సారపాక పేపరు మిల్లుకి వెళ్లాల్సిన కర్ర పొయ్యిలోకి పోతుంది. వరుసల మధ్య మిషన్, మొద్దు దగ్గర కత్తి. ముఠాలో కత్తి పట్టే పెద్దవాళ్లని తీసెయ్యకు.

ఇక పులికంప. ఇంగ్లీషువాళ్లు పూలు బాగున్నాయని కలకత్తా తోటకి తెచ్చి పెట్టిన మొక్క ఇవాళ మన అడవుల్ని తినేస్తోంది. రంపం బ్లేడుతో నేరుగా పొద అడుక్కి పోతే తీగలు రాడ్డుకి చుట్టుకుని మిషన్ ఆగిపోతుంది. మూడు రెక్కల బ్లేడుతో పైనుంచి కిందికి పొరలు పొరలుగా కొట్టుకుంటూ రావాలి. ఇంత చేసినా అది సగం పనే. పైన నరికి వదిలేసిన పులికంప తొలకరికి రెట్టింపు కొమ్మలతో లేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు గారు చెప్పిన పద్ధతి ఒకటుంది: వేరు మెడని నేల కింద మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున తెంచి, పొదని తలకిందులుగా పడెయ్యడం. దానికి కావలసింది గునపం, పార. మిషన్ గునపానికి దారి చేస్తుంది, అంతే. కాబట్టి ఆ పని కోసమని రెండో మిషన్ కొనకు. ఆ డబ్బు కూలీలకి పెట్టు. కాయలు పండకముందే ముగించు, పండాక పిట్టలు విత్తనాల్ని ఊరంతా చల్లుతాయి.

షాపులో చూడవలసినవి చెబుతాను. హ్యాండిలు సైకిల్ హ్యాండిలులా రెండు చేతులకీ ఉండాలి. రెండు భుజాలకీ బెల్టు, నడుము పక్కన మెత్త, ఒక్క లాగుడుకి మిషన్ మొత్తం ఊడిపోయే క్లిప్పు ఉండాలి. ఆ క్లిప్పుని అక్కడే నాలుగుసార్లు లాగి చూడు. తగిలించుకుని చేతులు వదిలెయ్యి. రంపం బ్లేడుతో ఉన్నప్పుడు అది నేలకి జానెడు ఎత్తున తేలుతూ నిలవాలి. ముక్కు నేలకి గుచ్చుకుంటుంటే తగిలించే కొక్కెం జరపమను. గేర్ హెడ్ వంపు కూడా గమనించు. గడ్డి మిషన్లకి వంపు ఎక్కువ, అడవి మిషన్లకి తక్కువ. హస్క్‌వర్నాలో 35, 24 డిగ్రీలని విడివిడిగా చేస్తారు. వంపు తక్కువైతే నిలబడి కోసేటప్పుడు బ్లేడు నేలకి సమంగా నడుస్తుంది. రంపానికి వేరే ఇనుప గార్డు వస్తుంది. నైలాన్ తాడు గార్డుతో రంపం తిప్పనివ్వకు.

కార్బొరేటర్, క్లచ్, గేర్ హెడ్ ఈ మూడూ విడిగా దొరుకుతాయా అని అడుగు. 'తెప్పిస్తాం' అంటే లేవనే అర్థం. వచ్చేలోపు నీ సీజన్ అయిపోతుంది. బ్యాటరీ రకాలు బాగానే వస్తున్నాయి కానీ, తోటలో నీకు ప్లగ్గు ఎక్కడుంది?

వడ్రంగి వాడే కార్బైడ్ ముక్కల బ్లేడు చౌకగా వస్తుందని కొందరు బిగిస్తున్నారు. రాయికో చీమల పుట్టకో తగిలితే ఆ ముక్క బుల్లెట్. ప్రతి బ్లేడు మీదా ఎంత వేగం దాకా తట్టుకుంటుందో ముద్ర ఉంటుంది. అది మిషన్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. పగులు కనిపించిన బ్లేడుని వెల్డింగుకి పంపకు, అవతల పారెయ్యి. గొలుసు ముక్కలు తగిలించిన తలలు ఆన్‌లైన్లో అమ్ముతారు, వాటి జోలికి వెళ్లకు. ఆ గొలుసు లింకు తెగి ఎగిరి మనిషి ప్రాణం పోయాకే యూరప్‌లో 2012లో వాటిని నిషేధించారు.

మిషన్ కొన్నాక కుర్రాళ్లకి నేర్పాల్సిన మొదటి సంగతి ఇది. బ్లేడుని గడియారం అనుకోమను, మనిషి ఆరు దగ్గర ఉన్నట్టు. పైనుంచి చూస్తే అది ఎడమవైపుకి తిరుగుతుంది. పన్నెండుకీ మూడుకీ మధ్య భాగం గట్టి కర్రకి తగిలిందంటే మిషన్ ఎగిరి పక్కకి తంతుంది. కోత ఎప్పుడూ ఎడమ సగంతోనే. చుట్టూ పదిహేను మీటర్లలో ఇంకో మనిషి ఉండకూడదు. నీళ్లిచ్చే పిల్లాడైనా సరే, దూరం నుంచి చెయ్యి ఊపి మిషన్ ఆగాకే రావాలి. జాలీ ఉన్న హెల్మెట్, చెవులకి మఫ్‌లు, గట్టి బూట్లు మిషన్ లెక్కలోనే కలుపుకో, విడి ఖర్చనుకోకు. పొదలో దిగే ముందు కర్రతో గట్టిగా తట్టించు. కందిరీగల పట్టుంటే ముందే తెలుస్తుంది. పులికంప పండ్ల కోసం ఎలుగుబంట్లు కూడా వస్తాయి, తెల్లవారుజామున పని మొదలుపెట్టకు.

ఉలి పళ్లకి ఐదున్నర మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. ట్యాంకు నింపినప్పుడల్లా ప్రతి పంటినీ రెండు మూడుసార్లు రుద్దితే చాలు. మొద్దుబారిన పన్ను తన్నడంలో ముందుంటుంది. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్, కొలపాత్రతో. కంటి అంచనా వద్దు. ఇప్పుడు బంకు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, తేమని పట్టేస్తుంది. వారం పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి పెట్టు. బ్లేడు నట్టుకి ఎడమ మర ఉంటుంది, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. అలాంటి నట్లు నాలుగు ఎక్కువ కొనుక్కో, అడవిలో జారి పడితే దొరకవు.

టేకు ప్లాంటేషన్ కంపార్ట్‌మెంట్‌లోకి మిషన్ తీసుకెళ్లడానికి రేంజర్ గారి దగ్గర కాగితం తెచ్చుకో, నోటిమాట సరిపోదు.

అడ్వాన్సు ఇచ్చేముందు మిషన్‌ని తోటకి తెచ్చి, నువ్వు కొలిచిన పిలకల్లో నడిపి చూపించమని డీలర్ని అడుగు. రానంటే రాజమండ్రిలో ఇంకొకర్ని చూద్దాం. వస్తానంటే ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి, నేనూ పొద్దున్న బస్సుకి వస్తాను.

మీ మావయ్య